నిశ్శబ్దం బోర్డును వారానికి గంటన్నర తిప్పి పెట్టండి

జిల్లా గ్రంథాలయ సంస్థల అధ్యక్షులకు, కార్యదర్శులకు, పొద్దున తాళం తీసి రాత్రి తాళం వేసుకుపోయే శాఖా గ్రంథాలయాధికారులకు నమస్కారం.

పోయిన వేసవిలో మీ శాఖల్లో ఒకదానికి ఒకామెను వెంటబెట్టుకుని వెళ్లాను. ఏ ఊరి శాఖో చెప్పను. దాని మీద ఫిర్యాదు చేయడానికి కాదు ఈ ఉత్తరం. ఆమెకు యాభై దాటాయి. పొగాకు గ్రేడింగుకు పోతుంది, ఆ పని లేనప్పుడు మిరపకాయల కోతకు పోతుంది. మూడేళ్లుగా నా దగ్గర చదువుకుంటోంది. గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టగానే కుర్చీలో ఉన్నాయన తలెత్తి, "సచివాలయం పక్క వీధిలో తల్లీ" అన్నారు. పింఛను పని మీద దారి తప్పి వచ్చిందనుకున్నారు పాపం. ఆయన్ని తప్పుబట్టను. అలాంటి మనిషి పుస్తకం కోసం ఆ గడప తొక్కడం ఆయన తన సర్వీసులో చూసి ఉండరు.

పేపర్ల బల్ల దగ్గర కూర్చున్నాం. చుట్టూ పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు. ఆమె పేపరు ముందుకు లాక్కుని, పెద్దక్షరాల కింద వేలు పెట్టి మొదలుపెట్టింది. "మి... మిర్చి... ధ... ధర... ధరలు... ప... పత... పతనం." అంతే, మొహం వెలిగిపోయింది. వెలుగుకు కారణం ధర పడిపోవడం కాదని మీకు చెప్పనక్కర్లేదు. నా వైపు తిరిగి, "టీచరమ్మా, మిర్చి పడిపోయిందంట!" అంది, చేలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చెప్పినట్టు.

ఎదురుగా ఉన్న పిల్లాడు మర్యాదగానే అన్నాడు, "ఆంటీ, మనసులో చదువుకోండి" అని. అంటూ గోడ మీది బోర్డు చూపించాడు. "నిశ్శబ్దము పాటించండి." ఆమె ఆ రెండు మాటలూ చదవడానికి కూడా పెదవులు కదిలించాల్సి వచ్చింది. చదివాక పేపరు మడిచి, ఒళ్లో చేతులు పెట్టుకుని కాసేపు కూర్చుంది. "పోదాం పదమ్మా" అంది.

దారిలో అడిగింది: "మనసులో చదవడమంటే ఎట్ట టీచరమ్మా?"

నేను చెప్పలేకపోయాను. మనం ఎప్పుడు మనసులో చదవడం మొదలుపెట్టామో మీకు గుర్తుందా? నాకు లేదు. చిన్నప్పుడు బడిలో గొంతెత్తి గుంపుగా చదివి చదివి, ఎప్పుడో తెలియకుండానే గొంతు లోపలికి పోయింది. ఏళ్లు పట్టి ఉంటుంది. కొత్తగా చదువు నేర్చుకున్న పెద్దమనిషికి ఆ ఏళ్లు ఇంకా గడవలేదు. అక్షరాన్ని నోటితో అని, చెవితో విని, ఓహో ఈ మాటా అని గుర్తుపడుతుంది. ఆమె మాటలు కూడబలుక్కుంటుంటే మనకు గోల. ఆమెకు చదువంటే అదే. నోరు మూసుకొమ్మంటే చదవొద్దన్నట్టే.

అందుకని నేనడిగేది ఒకటే. వారంలో ఒక్క రోజు, రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది దాకా, మీ శాఖల్లో ఆ బోర్డును గోడవైపు తిప్పి పెట్టండి. కొత్తగా చదువు పట్టుకుంటున్న పెద్దవాళ్లు ఎనిమిది పది మంది చేరి, ఒకే పుస్తకాన్ని పైకి చదువుకుని, దాని మీద మాట్లాడుకుని, కావాలంటే పోట్లాడుకుని పోయే చోటు ఇవ్వండి.

ఇది చెప్పడానికి నువ్వెవరంటారేమో. నేను పుట్టింది నెల్లూరు జిల్లా కలిగిరి వైపు, మెట్టింది ప్రకాశం జిల్లా. పదో తరగతి పాసై ఇంట్లో ఉన్న రోజుల్లో, 1991లో, సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మా ఊరికొచ్చింది. ఒక లాంతరూ, కొన్ని పలకలూ, వాచకాల కట్టా చేతిలో పెట్టి నువ్వు వాలంటీరువి అన్నారు. చాలా ఏళ్ల తర్వాత సాక్షర భారత్ అనే కేంద్ర వయోజన విద్యా పథకంలో గ్రామ కోఆర్డినేటరునయ్యాను. నెలకు రెండు వేలు గౌరవ వేతనం. అది ఎన్ని నెలలకోసారి చేతికొచ్చేదో అడక్కండి. 2018 మార్చితో ఆ పథకం ముగిసింది. నా పని ముగియలేదు, అలవాటైపోయింది.

సారా వ్యతిరేక ఉద్యమానికి పేరుపడ్డ దూబగుంట మా పుట్టింటికి దగ్గరే. ఆ ఉద్యమం గురించి రాసేవాళ్లు, అక్షరం వచ్చాక ఆడవాళ్లకు ధైర్యం వచ్చిందంటారు. కళ్లారా చూసినదాన్ని కాబట్టి చిన్న సవరణ చెబుతాను. అప్పటికి మా అక్షరాస్యతా కేంద్రంలో సగం మందికి వత్తులే పట్టుబడలేదు. వాచకంలో మొగుడి తాగుడుతో గుల్లయిపోయిన ఒక ఇల్లాలి కథ ఉండేది. కూడబలుక్కుని చదవడానికి పట్టింది అరగంట. దాని మీద మాట్లాడుకున్నది లాంతరులో కిరసనాయిలు అయిపోయేదాకా. ఆ కథలో ఆమె ఎవరు, అచ్చం మన ఫలానా పిన్ని లాగే ఉందే, ఆమె పుట్టింటికి ఎందుకు పోలేదు, పోతే పిల్లల సంగతేంటి, అంగడి మూయిస్తే పోలా! ఆ చివరి మాట ఏ వాచకంలోనూ లేదు. మాటల్లోంచే పుట్టింది. దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. ఆ తర్వాతి వాచకంలో వాళ్ల కథే పాఠమైంది. అది చదివిన ఊళ్లలో మళ్లీ మాటలు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. మా జిల్లాలో ఆడవాళ్లు పాఠం చదివి, ప్రశ్నలకు జవాబులు రాసి, పలక తుడుచుకుని ఇంటికి పోయి ఉంటే ఏం జరిగేదో మీరే ఊహించండి.

అక్షరాస్యతా ఉద్యమం పోయింది, కేంద్రాలు పోయాయి, ఆ కూర్చోడం కూడా పోయింది. అప్పట్లో నా దగ్గర చదువుకున్నవాళ్లను ఇప్పుడు పుట్టింటికి పోయినప్పుడు చూస్తుంటాను. సంతకం మిగిలింది, చదువు పోయింది. సంతకం ఎందుకు మిగిలిందంటే బ్యాంకులో, పొదుపు సంఘం తీర్మానాల పుస్తకంలో నెలనెలా పెడుతున్నారు కాబట్టి. చదవాల్సిన అవసరం, చదివినదాన్ని ఇంకొకరికి చెప్పాల్సిన సందర్భం రాలేదు కాబట్టి అది పోయింది. జనాభా లెక్కల్లో ఏడేళ్లు దాటినవాళ్లు ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితే అక్షరాస్యులు. 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో ఆడవాళ్ల అక్షరాస్యత 59.15 శాతం. అందులో ఇలా సంతకం దగ్గర ఆగిపోయినవాళ్లు కూడా కలిసిపోయారని నా గట్టి అనుమానం. ఇంటి పెద్దను "అమ్మకు చదువొచ్చా?" అని అడిగితే, "ఆఁ, సంతకం చేస్తుంది" అనే కదా వచ్చే జవాబు.

ఇప్పుడు మా గుంపు సంగతి చెబుతాను. రామాలయం అరుగు మీద కూర్చుంటాం. ఏడుగురు ఆడవాళ్లు, ఒక బేల్దారి మేస్త్రి. ఆ మేస్త్రి మొదటి రెండు నెలలు అరుగు మీదికే రాలేదు, స్తంభానికి ఆనుకుని నిలబడి వినేవాడు. కొలతలూ కూలి లెక్కలూ నోట్లోనే కట్టేస్తాడు, అక్షరాల దగ్గరే ఆగిపోతాడు. ఒక రోజు కోతీ మొసలీ కథ జిరాక్సు తీయించి తలా ఒకటి ఇచ్చాను. అందరికీ చిన్నప్పటి నుంచి తెలిసిన కథే. తెలిసిన కథైతే చదవడం తేలికని నా లెక్క.

చదవడం అయ్యాక, చిల్లర అంగడి నడిపే ఆమె మొదలుపెట్టింది. "మొసలి పెళ్లాం కోతి గుండెకాయ కావాలన్నదంట. నిజంగా అడిగిందా, లేక మొసలి అల్లిన మాటా? మొగోడు చేసే ఎదవ పనికి పెళ్లాం పేరు చెప్పడం మనకు తెలవంది కాదు."

అరుగంతా నవ్వులు. మేస్త్రికి పౌరుషం వచ్చింది. "అడిగింది. ఇందులోనే రాసుండాది."

"ఏడుండాది? చూపీ!"

చూపాలి మరి. మేస్త్రి కాగితం ఎత్తి లైటు కిందికి జరిగాడు. మొదటి పేజీ పైనుంచి వేలు నడిపాడు. దొరకలేదు. పక్కావిడ తన కాగితంలో వెతికింది. ఇద్దరు రెండో పేజీ పట్టారు. నాలుగు గొంతులు నాలుగు చోట్ల ఒకేసారి చదువుతున్నాయి. చివరికి గ్రేడింగుకు పోయే ఆమెకే దొరికింది. మొసలి భార్య తన నోటితో తనే అడిగిన వాక్యం. గట్టిగా చదివి వినిపించింది. అంగడామె ఓడిపోయింది. ఓడిపోయి ఊరుకుందా? "అడిగింది సరే. ఎందుకడిగిందో రాయలేదు గదా! మొగుడు పొద్దంతా ఆ కోతితో చెట్టు కిందే కాపురం చేస్తా ఉండాడు. కడుపు మండదా?" ఇంకొకామె, "కడుపుతో ఉందేమో, వేవిళ్లకేమో" అంది. సరే, అదేమన్నా రాసుందేమోనని మళ్లీ మొదటి నుంచి వెతుకులాట.

ఆ రాత్రి అదే కథ నాలుగు సార్లు చదివారు. "ఇంకొకసారి చదవండి" అని నేనంటే ఆవలించే మనుషులు వీళ్లు. అబద్ధమెందుకు, పాతికేళ్ల పైన పాఠాలు చెప్పిన నాకు ఆ "ఏడుండాది, చూపీ" విన్నాక గాని తెలిసిరాలేదు, మాట నెగ్గించుకోవాలంటే తప్ప మనిషి పేజీలోకి వెనక్కి పోడని. మేస్త్రి ఆ రోజు నుంచి అరుగు మీదే కూర్చుంటున్నాడు.

ఇప్పుడు నడుస్తున్న ఉల్లాస్ అనే వయోజన విద్యా పథకంలో పదిహేనేళ్లు దాటిన ఎవరైనా చేరవచ్చు, స్వచ్ఛందంగా ఎవరైనా చెప్పవచ్చు. చివర పరీక్ష ఉంటుంది. చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50, మొత్తం 150 మార్కులు. సాక్షర భారత్‌లోనూ ఇంతే. పరీక్షను తప్పుపట్టను, సర్టిఫికెట్టును లామినేషన్ చేయించి దేవుడి పటాల పక్కన పెట్టుకున్నవాళ్లను చూశాను. కాని మర్నాటి నుంచి ఏం చదవాలి? ఎక్కడ చదవాలి? ఎవరితో? పథకం కాగితాల్లో దీనికి జవాబులుంటాయి. ఊళ్లో మాత్రం జవాబు చెప్పగలిగిన గోడలూ కప్పూ ఒక్క మీకే ఉన్నాయి.

పుస్తకాల సంగతికొస్తే, ఇక్కడ కాస్త కడుపులోది చెప్పుకోనివ్వండి. కొత్తగా చదువుకున్నవాళ్ల కోసమంటూ అచ్చయినవి నా దగ్గర ఒక ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. మరుగుదొడ్డి కట్టుకోండి, పొదుపు చేయండి, పిల్లల్ని బడికి పంపండి, చేతులు కడుక్కోండి. ఒకామె ఓ రోజు అడిగింది, "ఇవన్నీ మనల్ని తిట్టడానికే రాసినారా?" అని. ఒక్క దాంట్లోనూ నవ్వు లేదు, దొంగతనం లేదు, దెయ్యం లేదు, ప్రేమించి లేచిపోయిన పిల్ల లేదు. దేని మీద మాట్లాడుకుంటారు? చేతులు కడుక్కోవాలా వద్దా అని వాదించుకుంటారా?

ఆ పైన అచ్చు ఒకటి. తెలుగులో అచ్చు కాస్త చిన్నదైతే చాలు, వత్తులు కింది వాక్యం నెత్తి మీద కూర్చుంటాయి. థ, ధల మధ్య చుక్క కనపడదు. చత్వారం వచ్చిన కళ్లు. మా గుంపులో "ఆడమనిషి" అన్న మాట మొదటి రోజే చదివేశారు. "స్త్రీ" దగ్గర వారం రోజులు తంటాలు పడ్డారు. స కింద త, దానికి మళ్లీ ర, నెత్తిన దీర్ఘం. "మన పేరే మనకు నోరు తిరగదే" అని ఒకటే నవ్వు. పుస్తకాల కొనుగోలు కమిటీల్లో కూర్చునేవాళ్లు ఒక్క పుస్తకం కొనే ముందయినా పేజీని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చూస్తే బాగుంటుంది.

మీ శాఖల్లో పిల్లల అరల్లో మంచి బొమ్మల కథలున్నాయి, పెద్ద అచ్చు, పేజీకి నాలుగైదు వాక్యాలు. అవి మాకు చాలు. ఒంటరిగా వచ్చిన యాభై ఏళ్ల మనిషి పిల్లల అర ముందు నిలబడాలంటే సిగ్గుపడుతుంది. పది మందితో కూర్చుని చదివేటప్పుడు ఆ సిగ్గుండదు. పుస్తకం పిల్లలదే కాని మాట్లాడేది మొగుడూ పెళ్లాల గురించి, అప్పుల గురించి, చావు గురించి. అమెరికాలో వెర్మాంట్ అనే చిన్న రాష్ట్రంలో గ్రంథాలయాల్లో చదువు నేర్చుకునే పెద్దవాళ్లతో ఇలాంటి కూటాలే నడిపారు. స్నేహం, ధైర్యం అంటూ ఒక విషయం తీసుకుని దాని చుట్టూ పిల్లల పుస్తకాలు ఎంచి, చర్చ అయ్యాక ఆ పుస్తకాలు వాళ్లకే ఇచ్చేసేవారు. ఇంట్లో తనదంటూ ఒక పుస్తకం ఉండటం చిన్న సంగతి కాదు. మా మేస్త్రి కోతి కథ జిరాక్సును ఇప్పటికీ చొక్కా జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాడు. చెమటకు తడిసి మడతల దగ్గర అక్షరాలు పోయాయి, అయినా పారేయడు.

అంత దూరం పోనక్కర్లేదు. కేరళలో 1945లో గ్రంథాలయ సంఘం కట్టిన పి.ఎన్. పణిక్కరే తర్వాత వయోజన విద్యకు కూడా పూనుకున్నారు. 1990లో ఎర్నాకుళం దేశంలో మొదటి సంపూర్ణ అక్షరాస్యత జిల్లా అయింది. ఊరూరా అప్పటికే ఒక గ్రంథాలయం ఉండటం వాళ్లకు కలిసొచ్చింది.

మన దగ్గర మాత్రం? 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిపించి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి పునాది వేసిననాటికి ఊళ్లో చదువొచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అయినా గ్రంథాలయం పెట్టారు. ఎలా నడిచేది? చదువొచ్చినవాళ్లు పత్రికను పైకి చదివేవాళ్లు, చదువురానివాళ్లు చుట్టూ కూర్చుని వినేవాళ్లు, తర్వాత అందరూ కలిసి తగువులాడుకునేవాళ్లు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు గ్రంథాలయోద్యమాన్నీ వయోజన విద్యనూ వేర్వేరు పనులనుకోలేదు, రెండింటినీ ఒక భుజం మీదే మోశారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ప్రయాణికుల దగ్గరికి పంపారు. పడవకు పుస్తకాలెక్కించిన చరిత్ర మనది. నిశ్శబ్దం బోర్డు ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. ఏ సంవత్సరంలో ఎవరు తగిలించారో మీ రికార్డుల్లో ఉంటే చెప్పండి, సరదాగా తెలుసుకుంటాను.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు చేస్తారు. పిల్లలకు వ్యాసరచన, క్విజ్. ఆడవాళ్లకు ముగ్గుల పోటీ. నేనూ ఒకసారి రెండో బహుమతి తెచ్చుకున్నాను, స్టీలు డబ్బా. గ్రంథాలయం ముందు ముగ్గేయించి ఇంటికి పంపడం మీకెవరికీ వింతగా తోచలేదా అండీ?

మీ కష్టాలు తెలియక అడుగుతున్నాననుకోవద్దు. చాలా శాఖల్లో ఉన్నది ఒక్క మనిషే, ఆ మనిషీ పర్మినెంటు కాదు. పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసిన సెస్సు మీ ఖాతాకు సరిగా జమకావడం లేదని మీరే మొత్తుకుంటున్నారు. అందుకే జీతం, కొత్త పోస్టు, కొత్త గది అడగడం లేదు. ఉన్న గది, ఉన్న లైటు, ఉన్న ఫ్యాను, ఒక తాళంచెవి. చదివించడానికి మా లాంటి పాత కోఆర్డినేటర్లు ప్రతి మండలంలో ఉన్నారు, రిటైరైన టీచర్లు ఉన్నారు. ఆ పోటీ పరీక్షల పిల్లలు కూడా వారానికి ఒకరు వచ్చి కూర్చుంటే వాళ్లకేమీ నష్టం లేదు, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఒక నిజమైన సంగతి దొరుకుతుంది. వేళ మాత్రం మార్చొద్దు. మీ శాఖ సాయంత్రం తెరిచి ఉండే వేళకు మా వాళ్లు చేలోంచి అప్పుడే వస్తుంటారు, నీళ్లు పట్టాలి, పొయ్యి వెలిగించాలి. ఏడున్నర లోపల ఎవరికీ కుదరదు. "పని లేని ఆడవాళ్లు మధ్యాహ్నం రావొచ్చు కదా" అని ఒకాయన అన్నారు. పని లేని ఆడవాళ్లెవరో ఆయనే చూపించాలి.

పుస్తకాలు తిరిగి రావేమోనన్న భయముంటే రిజిస్టరు మేమే రాస్తాం. రాయడం కూడా చదువులో భాగమే కదా. పోయిన పుస్తకానికి డబ్బు మా గుంపే కడుతుంది. పొదుపు సంఘాల్లో వసూళ్లు ఎలా జరుగుతాయో చూసినవాళ్లెవరూ ఈ మాటను అనుమానించరు.

చదవడం ఎందుకు, ఫోనులో మైకు నొక్కి మాట్లాడితే సరిపోతుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో వాదించే ఓపిక ఈ ఉత్తరంలో లేదు.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. రెండు నెలల కిందట ఇంటి పన్ను కట్టొచ్చి, గ్రేడింగుకు పోయే ఆమె రసీదు పట్టుకుని అరుగు మీదికి వచ్చింది. ఇప్పుడు ఏ కాగితం దొరికినా చదువుతోంది, అగ్గిపెట్టె దగ్గర్నుంచి. రసీదులో ఇంటి పన్ను, నీటి పన్ను, లైటింగు చదివింది. తర్వాతి వరుస దగ్గర వేలు ఆగింది. "గ్రం... గ్రంథా... గ్రంథాలయ... ఏంది టీచరమ్మా ఇది?" గ్రంథాలయ సెస్సు, ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు, ఇల్లున్న ప్రతివాళ్లూ కట్టేదే అని చెప్పాను.

"అంటే ఆ పిల్లోడు మనసులో చదువుకోమన్నాడే, ఆ చోటికా?"

"అవును."

"ఎన్నేళ్ల నుంచి కడతా ఉండాం?"

వాళ్ల ఇల్లు లేచి ఇరవై రెండేళ్లయింది. మేస్త్రి నోట్లోనే లెక్క కట్టి చెప్పాడు. ఆ అంకె పెద్దదేమీ కాదు, ఇక్కడ రాయను.

మాకు బుధవారం కుదురుతుంది. ఎనిమిది మందిమి, నాతో తొమ్మిది. చాపలు మేమే తెచ్చుకుంటాం. తాళంచెవి ఎవరింట్లో ఉంటుందో చెబితే చాలు.

ఇట్లు,
సాక్షర భారత్ మాజీ గ్రామ కోఆర్డినేటరు,
ప్రకాశం జిల్లా